నచ్చిన సినిమా లెక్క ఎవరిది? జాబితాల నుంచి ఉద్దానం దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు మండలంలో ఏ ఊళ్లోనైనా నలుగురు కూర్చున్నచోట "మీకు బాగా నచ్చిన సినిమా ఏటి?" అని అడిగి చూడండి. ఉత్త పేరు చెప్పి ఊరుకునేవాళ్లు తక్కువ. ఎవరితో కలిసి కాశీబుగ్గ వెళ్లారో, ఏ సంబరానికి ఊళ్లో తెర కట్టారో, ఇంటికి చేరేసరికి ఎంత రాత్రయిందో చెప్పాక గానీ కథలోకి రారు. ఒక తరం 'మాయాబజార్' అంటే ఇంకో తరం 'ఖైదీ' అంటుంది. ఎర్రజెండా పట్టి తిరిగినవాళ్లు మాదాల రంగారావు పేరు చెబుతారు. ఫోన్లో చూసే కుర్రాళ్ల నోట 'పలాస 1978', 'తండేల్' వస్తాయి.

ఇదే ప్రశ్నను ప్రపంచంలో చాలామంది అడిగారు. విమర్శకులు ఓట్లు వేసుకున్నారు, టీవీ చానళ్లు పోటీలు పెట్టాయి, వ్యాపారులు రోజులూ వసూళ్లూ లెక్కగట్టారు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు జ్ఞాపకాలను పరిశోధించారు. ఆ జవాబులన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఉద్దానం వంటి సీమకు అవి ఎంతవరకు పనికొస్తాయో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. జాబితాలన్నీ సినిమాకు ర్యాంకు ఇచ్చి ఆగిపోతున్నాయి. ఆ సినిమా ఎందుకు నచ్చిందో రాసుకోవడం లేదు. మన ప్రాంతానికి కావలసింది ఆ కారణాల చిట్టా. అది రాయడానికి ఉన్న సమయం తగ్గిపోతోంది.

విమర్శకుల తూకం

సినిమాల జాబితాల్లో అన్నిటికన్నా పేరున్నది బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' వేసేది. 1952లో మొదలుపెట్టి పదేళ్లకోసారి విమర్శకులను అడుగుతున్నారు. తొలిసారి ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' మొదటి స్థానంలో నిలిచింది. 1962 నుంచి 2002 దాకా వరసగా ఐదుసార్లు 'సిటిజెన్ కేన్' గెలిచింది. 2012లో 'వెర్టిగో' దాన్ని దించింది. 2022లో శాంతల్ అకర్‌మన్ తీసిన 'జాన్ డీల్‌మన్' పైకొచ్చింది. ఒక స్త్రీ తీసిన చిత్రం మొదటి స్థానానికి రావడం అదే మొదలు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' ఆ జాబితాలో 35వది.

'జాన్ డీల్‌మన్' 1975 నాటి సినిమా. అప్పటినుంచి 2022 దాకా అందులో ఒక్క సీను కూడా మారలేదు. మారింది ఓటర్లు. 2012లో 800 మందికి పైగా విమర్శకులు ఓటేస్తే, 2022కు ఆ సంఖ్య 1,600 దాటింది. కొత్త దేశాల నుంచి, కొత్త తరాల నుంచి మనుషులొచ్చారు. ఎవరిని అడిగితే వారి బతుకే జాబితాలో కనబడుతుందని నిపుణుల లెక్కే రుజువు చేసింది. అలాంటప్పుడు పూండి స్టేషన్లో రైలు దిగే మనిషిని ఎవరూ అడగని జాబితాను సర్వకాల సర్వోత్తమం అనడం సరికాదు. ఆ జాబితా మీద నాకు గౌరవం ఉంది. దాని మూలంగానే మన కుర్రాళ్లు కొందరు రాయ్‌నీ, కురొసావానీ వెతుక్కుని చూశారు. అయితే అది చెప్పేది శిల్పం గురించి. ఇష్టం గురించి చెప్పడం దాని పని కాదు.

ఓట్లు, వసూళ్లు

రెండో పద్ధతి జనం ఓటు. భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ చానల్ ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెడితే, దేశంలోని అన్ని భాషల చిత్రాలనూ దాటి మన 'మాయాబజార్' అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. తెలుగువారంతా గర్వపడ్డారు, పడవలసిందే. అయితే ఆ ఓటు వేయడానికి కంప్యూటరో, ఇంటర్నెట్టో ఉండాలి. 2013లో మంచినీళ్లపేటలో వల బాగుచేసుకుంటున్న మనిషి ఓటు అందులో పడి ఉండదు. ఆ మనిషి ఇష్టం కూడా 'మాయాబజారే' కావచ్చు. అయినా ఆ మాట చెప్పింది ఇంకెవరో.

మూడోది వ్యాపారుల లెక్క. మొన్నమొన్నటిదాకా ఎన్ని కేంద్రాల్లో నూరు రోజులు ఆడిందన్నదే సినిమా గొప్పతనానికి కొలత. ఇప్పుడు మొదటి వారం వసూళ్లు చాలు. తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్ లాగే ఉత్తరాంధ్ర ఒక ఏరియా. విశాఖ మల్టీప్లెక్సూ, టెక్కలి హాలూ ఒకే అంకెలో కలిసిపోతాయి. పైగా పాత రోజుల్లో ప్రింట్లు తక్కువ. ముందు పెద్ద ఊళ్లలో ఆడి, అరిగి, గీతలు పడ్డాకే సినిమా చిన్న ఊళ్లకు వచ్చేది. అప్పటికి పత్రికల్లో నూరు రోజుల ప్రకటనలు కూడా పాతబడిపోయేవి. కనుక ఉద్దానం పల్లెల ఇష్టం ఏ రికార్డులోకీ ఎక్కే వీలు లేకపోయింది.

'మాయాబజార్' అందరిదీ ఎలా అయింది

విమర్శకులను అడిగినా, జనాన్ని అడిగినా తెలుగులో 'మాయాబజార్' పైకే తేలుతుంది. దానికి కారణాలు వివరంగా చూడాలి. 1957 మార్చి 27న విజయా సంస్థ విడుదల చేసిన ఈ చిత్రానికి దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా వెన్నెలను సృష్టించింది. పాండవుల కుటుంబ కథ అయినా తెర మీద పాండవులు ఒక్కసారి కూడా కనబడరు. ఆ లోటు ఎవరికీ తోచదు. సావిత్రి శశిరేఖగా మురిపించి, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నవ్వించింది. ఒకే ముఖంతో ఇద్దరు మనుషులను చూపించిన ఆ నటనకు చదువుతో పని లేదు. చూసిన పసిపిల్లకు కూడా అర్థమవుతుంది.

ఇంకో కారణం మన నేలలో ఉంది. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు, జనం చెప్పుకున్న కథ. సురభి నాటక సమాజాలు మాయాబజార్‌ను తెరలూ తంత్రాలతో ఊరూరా ఆడాయి. వీధినాటకాలకూ, తూర్పు భాగవతానికీ, తప్పెటగుళ్లకూ అలవాటుపడ్డ శ్రీకాకుళం ప్రేక్షకుడికి ఈ పాత్రలన్నీ చుట్టాలే. తెలిసిన కథను అంతకుముందెన్నడూ చూడనంత అందంగా చూపించింది కాబట్టి నచ్చింది. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు తాతలు మనవలను వెంటబెట్టుకు వెళ్లారు. ఒక ఇష్టం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారడం అంటే అది. విమర్శకుడి శిల్పం, ఓటరు అభిమానం, పల్లె జ్ఞాపకం మూడూ ఒకేచోట కలిసిన అరుదైన సినిమా ఇది. మిగతా సినిమాల దగ్గర ఈ మూడూ విడివిడిగా పోతాయి.

ఏ వయసులో చూశామన్నది

ఎందుకు విడిపోతాయన్నదానికి మనస్తత్వ శాస్త్రం కొంత జవాబు ఇచ్చింది. జాన్సెన్, చెస్సా, ముర్రే అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో మనుషులను తమకు ఇష్టమైన పుస్తకాలు, సినిమాలు, సంగీత రికార్డులు చెప్పమన్నారు. జవాబుల్లో కౌమారం, తొలి యవ్వనం నాటివి ఎక్కువగా వచ్చాయి. సంగీతంలో అది మరీ బలంగా, సినిమాల్లో కొంత తక్కువగా కనబడింది. అంతకుముందు హోల్‌బ్రూక్, షిండ్లర్ పాటల ఇష్టాలపై 1989లో చేసిన పరిశోధన కూడా ఇరవై నాలుగేళ్ల వయసు చుట్టూ విన్న పాటలే జీవితాంతం వెంట ఉంటాయని తేల్చింది.

తెలుగు సినిమాకు పాట ప్రాణం. కాబట్టి మనవాళ్ల సినిమా ఇష్టానికి ఆ పాటల వయసు కూడా తోడై ఉంటుందని నా ఊహ. 1983లో 'ఖైదీ' చూసిన పదహారేళ్ల కుర్రాడికి ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. చిరంజీవి పేరు చెబితే అతని గొంతు మారడంలో వింత లేదు. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైనప్పుడే కోస్తాను పెను తుపాను ముంచెత్తింది. అంత వానలోనూ ఆ సినిమాకు జనం కదిలారు. తుపానులతో సహవాసం చేసే తీరానికి ఆ ఉత్సాహం ఏమిటో తెలుసు. అభిమానాన్ని పిచ్చి అని కొట్టిపారేసే రోజుల్లో ఎస్.వి.శ్రీనివాస్ చిరంజీవి అభిమాన సంఘాల మీద చేసిన పరిశోధన ఆ చూపును సరిదిద్దింది. హాలు ముందు బ్యానరు కట్టే కుర్రాడు తన హక్కునూ, తన ఉనికినీ అక్కడ ప్రకటించుకుంటున్నాడని ఆయన పని వల్ల అర్థమైంది.

అయితే వయసు ఒక్కటే అంతా చెప్పదు. ఒకే ఏడు, ఒకే వయసులో సినిమాలు చూసిన అన్నాచెల్లెళ్లకు వేరువేరు సినిమాలు నచ్చుతాయి. అక్కడ బతుకు ప్రవేశిస్తుంది.

ఎర్రజెండా నీడలో

ఏ జాతీయ జాబితాలోనూ కనబడని పోరాట సినిమాల వరస ఒకటి ఉద్దానంలో బలంగా ఉంది. దాని వేర్లు పాతవి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీ పీడన మీద తీసిన ఆ చిత్రం జమీందార్ల ఒత్తిడితో కొన్నిచోట్ల నిషేధానికి గురైంది. మరుసటి ఏడాది, 1940 మార్చిలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే మందస జమీందారీ అడవిలో కట్టెల హక్కు కోసం నిలబడిన గుడారి రాజమణిపురం రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ నేలకొరిగింది. తెరమీది కథ మన మట్టిలో జరుగుతున్న కాలమది. తర్వాత బొడ్డపాడు నుంచి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పల్లెపల్లెకూ తీసుకెళ్లి, 1969లో ప్రాణాలిచ్చాడు. ఆటనూ పాటనూ న్యాయం కోసం వాడటం ఈ నేలకు సినిమా నేర్పిన విద్య కాదు, ముందే తెలిసిన విద్య.

అందుకే 1980లో 'యువతరం కదిలింది', 1981లో 'ఎర్రమల్లెలు', 1983లో టి.కృష్ణ 'నేటిభారతం', 1994లో ఆర్.నారాయణమూర్తి 'ఎర్రసైన్యం' వచ్చినప్పుడు ఇక్కడి జనం వాటిని తమ సినిమాలుగా చూశారు. నారాయణమూర్తి చిత్రాల్లో వంగపండు ప్రసాదరావు పాట వినబడితే అది మన యాస, మన దరువు. ఈ సినిమాల్లో శిల్ప లోపాలు ఉన్నాయి. సంభాషణ ఉపన్యాసమవుతుంది, దుర్మార్గుడు మరీ దుర్మార్గుడవుతాడు. విమర్శకులు చెప్పిన ఈ మాటలు నిజమే. కానీ కూలి రేటు అడిగినందుకు తిట్లు తిన్న మనిషి, తన తరఫున ఒకడు తెరమీద గొంతెత్తి మాట్లాడటం విని లేచి నిలబడ్డాడంటే, ఆ సినిమా అతని జాబితాలో మొదటిది కావడం న్యాయం. సినిమా చేయగల పనుల్లో అది చిన్నదేమీ కాదు.

ఆడవాళ్ల లెక్క

నచ్చిన సినిమా చర్చల్లో ఎక్కువగా వినబడేది మగవాళ్ల గొంతు. ఆడవాళ్లకు సినిమాకు వెళ్లడమే ఒక గెలుపు. పనులు తెమల్చుకుని, పిల్లలను ఎవరికో ఒకరికి అప్పజెప్పి, తోడు వెతుక్కుని మ్యాటినీకి వెళ్లాలి. పలాస జీడి కర్మాగారాల్లో పప్పు ఒలిచే చేతులకు ఆ మూడు గంటలే విశ్రాంతి. వాళ్ల జాబితాలో సావిత్రి నడిపించిన 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మూగమనసులు' ఉంటాయి. 2018లో 'మహానటి' వచ్చినప్పుడు ఆ తరం తమ యవ్వనాన్ని కూడా తెరమీద చూసుకుంది.

ఇక్కడ 'అమ్మోరు' సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1995లో కోడి రామకృష్ణ తీసిన ఈ చిత్రాన్ని గ్రాఫిక్స్ కోసం గుర్తుపెట్టుకునేవారు ఉన్నారు. ఊరి పొలిమేర దేవతకు ముర్రాటలు పోసే ఆడవాళ్లు దాన్ని చూసిన తీరు వేరు. అత్తింట నలిగిపోయే పిల్ల పక్షాన దేవతే ఇంట్లోకి వచ్చి నిలబడింది. తాము మొక్కే అమ్మ తమ కష్టం విందన్న ధైర్యం ఆ హాల్లో వాళ్లకు దొరికింది. 'ప్రతిఘటన'లో విజయశాంతి ఇచ్చిన ధైర్యానికీ, 'అమ్మోరు' ఇచ్చిన ధైర్యానికీ దారులు వేరైనా అవసరం ఒకటే. ఆడవాళ్లను విడిగా అడగని ఏ సర్వే అయినా సగం సర్వేయే.

మన మాట తెరకెక్కాక

చాలాకాలం శ్రీకాకుళం యాస సినిమాల్లో నవ్వు కోసమే వినబడింది. పనివాడో, అమాయకుడో ఆ యాస మాట్లాడేవాడు. నాయకుడు మాత్రం పుస్తకాల భాష మాట్లాడేవాడు. మన మనుషుల ప్రతిభకు కొరత లేదు. 1980లో నాలుగు జాతీయ పురస్కారాలు తెచ్చిన 'శంకరాభరణం'లో శంకరశాస్త్రిగా నిలిచిన జె.వి.సోమయాజులు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టినవారే. నటులు వెళ్లారు గానీ మాట వెళ్లలేదు.

2018లో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'తో ఉత్తరాంధ్ర మాట నవ్వులాట నుంచి బయటపడింది. విశాఖలోని ఆ పేట మనుషులనే నటులుగా పెట్టి తీసిన సినిమా అది. 2020 మార్చి 6న కరుణ కుమార్ 'పలాస 1978' వచ్చింది. జానపద కళాకారుల ఇంట పుట్టిన దళిత అన్నదమ్ములు షావుకార్ల పగల్లో పావులై, చివరికి ఎదురు తిరగడం ఇందులో కథ. రఘు కుంచె సంగీతంలో మన పల్లెల 'నక్కిలీసు గొలుసు' పాట రాష్ట్రమంతా మోగింది. విడుదలైన మూడు వారాల్లోపే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి. చాలామంది దాన్ని ఫోన్లలోనే చూశారు. రెండో సగంలో హింస పెరిగి కథ పలచబడిందన్న విమర్శలో నిజముంది. అయినా కులం పేరు దాచకుండా, ఊరి పేరు మార్చకుండా తీసిన నిజాయితీ దాన్ని నిలబెట్టింది.

2025 ఫిబ్రవరిలో చందూ మొండేటి 'తండేల్' మత్స్యకారులను తెరమీదికి తెచ్చింది. 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి, పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మన ప్రాంతపు మత్స్యకారుల అనుభవం దానికి ఆధారం. కథ ప్రేమ చుట్టూ తిరిగింది. వేరావల్ పడవల్లో చాకిరీ, జీతం, అప్పు, సొంత తీరంలో వేట సరిపోక అంత దూరం వలస పోవలసిన కారణాలు మాత్రం పక్కకు పోయాయి. నువ్వలరేవు, మంచినీళ్లపేట తీరాల్లో అవే ముఖ్యం. అయినా ఒడ్డున ఎదురుచూసే ఆడమనిషి బాధను సాయిపల్లవి మోసిన తీరు మన ఇళ్లలో నిలిచిపోయింది. ఈ సినిమాలు మున్ముందు సర్వకాల జాబితాల్లో ఉంటాయో లేదో కాలం తేల్చాలి. మన మాట మాట్లాడే నాయకుణ్ని చూస్తూ పెరుగుతున్న మొదటి తరం మాత్రం ఇదే.

కలిసి చూడటం

ఇష్టానికి ఇంకో మూలం, పక్కన కూర్చున్న మనుషులు. గౌరమ్మ సంబరానికో, అమ్మవారి పండక్కో తెర కట్టి 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో వేసిన సినిమా, తర్వాత వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రికి మూడేసి వేసిన సినిమాలు ఊరుమ్మడి జ్ఞాపకాలు. తెరకు రెండు పక్కలా కూర్చుని చూసేవారు. 2023లో వేణు ఎల్దండి 'బలగం'ను తెలంగాణ పల్లెలు నడివీధిలో తెరకట్టి చూశాయి. ఊరంతా కలిసి ఏడ్చింది. అది ఆ ఊళ్లకు నచ్చిన సినిమా కావడంలో కథకు ఎంత వాటా ఉందో, ఆ కలయికకూ అంత వాటా ఉంది. 2022లో 'పోకిరి'తో ఊపందుకున్న పాత సినిమాల మళ్లీ విడుదలల వెనుకా ఇదే ఆకలి ఉంది. ఫోన్లో దొరికే సినిమాకు టికెట్టు కొని హాలుకు పోవడం నలుగురి కోసమే.

ముంబయిలో, గుజరాత్‌లో, గల్ఫ్‌లో, అండమాన్‌లో పనిచేస్తున్న ఉద్దానం మనుషులు గదుల్లో ఫోన్ పెట్టుకుని పాత తెలుగు సినిమా చూస్తే, వాళ్లకు అది ఇల్లు. వాళ్లను అడిగితే కొత్త జవాబులు వస్తాయి.

మనం చేయవలసింది

ఇన్ని పద్ధతులూ చూశాక తేలేది ఇది. విమర్శకుల జాబితా శిల్పాన్ని కాపాడుతుంది, ఓటింగు ఉత్సాహాన్ని చూపుతుంది, వసూళ్లు మార్కెట్టును చెబుతాయి, మనస్తత్వ పరిశోధన వయసును వివరిస్తుంది. కులం, కూలి, ఆడతనం, వలస, యాస కలిసి ఒక సినిమాను ఒక మనిషికి ఎలా ప్రాణప్రదం చేస్తాయో ఇవేవీ చెప్పలేవు. అది మనుషులను అడిగి రాసుకోవలసిందే.

దీనికి మన జిల్లాలోనే దారి ఉంది. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా వెతికి తెచ్చి దాచాలన్న ఆయన పట్టుదల ఒక భాష సంపదను కాపాడింది. సినిమా రీళ్లు దాచడానికి పుణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ప్రేక్షకుల మాట దాచే చోటు మాత్రం మన దగ్గర కనబడదు. పలాస, టెక్కలి కళాశాలల తెలుగు విద్యార్థులు తమ ఇళ్లలో పెద్దవాళ్లను ఐదు ప్రశ్నలు అడిగితే చాలు: ఏ సినిమా, ఏ ఏడు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు. చెప్పినవారి యాసలోనే ఫోన్లో రికార్డు చేయాలి. సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూడాలి. తీరం ఊళ్లు, తోట ఊళ్లు, వలస వెళ్లినవాళ్లు, ఒడియా మాట్లాడే ఇళ్లు అన్నీ రావాలి.

టూరింగ్ టాకీసు చూసిన తరం డెబ్బైలు, ఎనభైల్లో ఉంది. మూత్రపిండాల జబ్బు ఉద్దానంలో ఎంతమందిని తొందరగా తీసుకుపోతోందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేస్తే వినడానికి మిగిలే గొంతులు తగ్గుతాయి. అందుకే తెలుగు శాఖలూ, గ్రంథాలయాలూ, యువజన సంఘాలూ ఈ ఏడే మొదలుపెట్టాలని కోరుతున్నాను. అలా వచ్చే జాబితాలో మొదటి స్థానం ఏ సినిమాది అన్న పట్టింపు నాకు లేదు. ప్రతి పేరు పక్కనా ఒక మనిషి చెప్పిన కారణం ఉండాలి. తెలుగు సినిమా చరిత్రలో ప్రేక్షకుడికి రావలసిన అధ్యాయం అక్కడినుంచి రాయవచ్చు.